ఆసు నుంచి అక్షం దాకా: నల్లగొండ చేనేతలో చేతి కదలికల యాంత్రికీకరణ - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఇంట్లో తయారుచేసుకున్న యంత్రంలో ఒక భాగాన్ని మార్చినప్పుడు, ఆ పాత భాగం కనిపించకుండా నిర్వహిస్తున్న పనులు బయటపడతాయి. స్వయంనిర్మిత సి.ఎన్.సి. యంత్రంలోని నిలువు అక్షం ఇందుకు సులభమైన ఉదాహరణ. ఉమ్మడి నల్లగొండ జిల్లాలో చింతకింది మల్లేశం రూపొందించిన లక్ష్మీ ఆసు యంత్రం ఇదే సూత్రానికి మరింత లోతైన ఉదాహరణ. అక్కడ మార్పు జరిగింది లోహపు కడ్డీ స్థానంలో కాదు, స్త్రీ భుజం స్థానంలో. ఈ రెండింటినీ పక్కపక్కన ఉంచి, ఆసు పోయడంలోని కదలికలను విడదీసి వివరించడం, ఆ వివరణ వృత్తిపదాల సేకరణకు ఏ విధంగా తోడ్పడుతుందో సూచించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: ఆసు, చిటికి, పేక, చేనేత, నల్లగొండ, పాలమూరు, నిలువు అక్షం, మల్లేశం, వృత్తిపదాలు.

1. ప్రవేశిక:

తెలుగు పరిశోధనలో చేనేత ప్రస్తావన ప్రధానంగా మూడు విధాలుగా కనిపిస్తుంది. కావ్యాలలోని వస్త్రవర్ణనల అధ్యయనం ఒకటి. నేతకార్మికుల జీవితాన్ని చిత్రించిన కథలు, నవలలు, కవితల విశ్లేషణ రెండవది. వృత్తిపదాల సేకరణ మూడవది. మూడవ మార్గానికి గట్టి పునాది మాండలిక వృత్తిపదకోశంతో పడింది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1962లో వ్యవసాయ పదాల సంపుటిని, 1971లో చేనేత పదాల సంపుటిని వెలువరించింది.

ఆ రెండవ సంపుటి వెలువడిన తరువాతి దశాబ్దాలలో చేనేత ఇళ్లలోకి మోటార్లు, విద్యుత్ నియంత్రణ పరికరాలు వచ్చాయి. వాటిలో కొన్ని నగరాల నుంచి రాలేదు, నేత ఇళ్లలోనే పుట్టాయి. శారాజీపేటలో మొదలైన ఆసు యంత్రం వాటిలో ప్రసిద్ధమైనది. 2019లో వచ్చిన 'మల్లేశం' చలనచిత్రం ఈ కథను తెలుగు ప్రేక్షకుల దగ్గరికి తీసుకుపోయింది. ఆ చిత్రానికి రాజ్ ఆర్. దర్శకుడు, కథారచయిత పెద్దింటి అశోక్ కుమార్ సంభాషణల రచయిత. తల్లి బాధను చూడలేని కొడుకు పట్టుదల ఆ చిత్రానికి కేంద్రం. యంత్రం లోపల ఏం జరుగుతుంది, చేతి పనిలో ఏ అంశాన్ని యంత్రానికి అప్పగించడం కష్టమైంది అన్న ప్రశ్నలను విడిగా పరిశీలించవలసి ఉంది.

2. ఆసు - పని, పదం:

పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం ప్రాంతాల చేనేతకు గుర్తింపు తెచ్చింది ఇక్కత్ పద్ధతి. స్థానికంగా దీనిని చిటికి అంటారు. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఈ పద్ధతిలో బట్ట నేసిన తరువాత బొమ్మ వేయరు. నేయకముందే నూలుకు రంగు అద్ది, ఆ రంగులు మగ్గం మీద ఒకదాని పక్కన ఒకటి కూడి బొమ్మగా ఏర్పడేలా చూస్తారు. అందుకు నూలును ముందుగా ఒక క్రమంలో పేర్చుకోవాలి. ఆ క్రమంలో పేర్చడమే ఆసు పోయడం.

ఆసు చట్రంలో ఒక కొసన ఒక మేకు, ఎదురుగా అర్ధవృత్తాకారంలో వరుసగా మేకులు ఉంటాయి. ఒంటి మేకు నుంచి బయలుదేరిన దారం అర్ధవృత్తంలోని ఒక మేకును చుట్టి తిరిగి ఒంటి మేకు దగ్గరకు రావాలి. నిర్ణీత సంఖ్యలో చుట్లు పడిన తరువాత పక్క మేకుకు జరగాలి. ఈ విధంగా మొత్తం అర్ధవృత్తం నిండితే విసనకర్ర ఆకారంలో నూలు పరచుకుంటుంది. దాని మీద గీతలు గీసి, రంగు అంటకూడని చోట సైకిలు ట్యూబు ముక్కలతో బిగించి కట్టి, రంగులో ముంచుతారు. ఈ కట్టే పనే చిటికి కట్టడం. రంగులన్నీ అయ్యాక కట్లు విప్పి, నూలును కండెలకు చుట్టి నాడెలో పెట్టి నేస్తారు.

ఇతర ప్రాంతాల వాడుకలో పడుగు నూలు పేర్చే పనికి కూడా ఆసు పోయడం అనే మాట ఉంది. ఇక్కడ చర్చిస్తున్నది పేక నూలుకు సంబంధించిన ఆసు. 'ఆసులో కండెలా తిరగడం' అనే జాతీయాన్ని ఒకచోట నిలవకుండా అటూ ఇటూ తిరిగే మనిషి గురించి వాడతాం. ఈ జాతీయంలో తిరిగేది కండె మాత్రమే, దానిని తిప్పే చేయి కనిపించదు. ఆసు పోసే పని సంప్రదాయంగా ఇంటి స్త్రీలది. ఆ పనిలోని శ్రమ భాషలోకి ఎంతవరకు చేరిందన్న ప్రశ్నకు ఈ జాతీయమే మొదటి సూచన.

3. తొమ్మిది వేల కదలికల లెక్క:

ఒక చీరకు ఆసు పోయాలంటే చేయి సుమారు మీటరు దూరం దాదాపు 9,000 సార్లు కదలాలి. రోజుకు రెండు చీరలకు పోస్తే 18,000 సార్లు. ఈ సంఖ్య ఆసు యంత్రం గురించిన ప్రతి ప్రస్తావనలోనూ కనిపిస్తుంది. అది ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే పని స్వభావం తెలుస్తుంది.

ఐదున్నర మీటర్ల చీర పొడవు సుమారు 216 అంగుళాలు. 9,000ను 216తో భాగిస్తే అంగుళానికి దాదాపు 42 వస్తుంది. అంటే తొమ్మిది వేలు అనేది చీరలో అడ్డంగా పడే పేక పోగుల సంఖ్యకు దగ్గరగా ఉంది. మీటరు దూరం చీర పన్నాకు దగ్గరగా ఉంది. ఆసులో చేయి చేసే ఒక్కొక్క కదలిక బట్టలోని ఒక్కొక్క పేక పోగుకు సరిపోతుంది. మగ్గం మీద నాడె మోసుకుపోయే ప్రతి పోగునూ అంతకుముందే ఒకసారి ఒక స్త్రీ చేయి అంత దూరమూ మోసింది. మగ్గం పనిని నేతగా, ఆసును నేతకు ముందు జరిగే చిల్లర పనిగా లెక్కించే అలవాటు ఈ అంకెల ముందు నిలవదు.

చేతితో ఒక చీర ఆసుకు నాలుగు గంటలకు పైగా పడుతుంది. నాలుగు గంటలంటే 14,400 సెకండ్లు. ఒక కదలికకు 1.6 సెకండ్లు. ఆ 1.6 సెకండ్లలో చేయి మీటరు దూరం సాగాలి, మేకును చుట్టాలి, దారం బిగువు చూసుకోవాలి, చుట్ల లెక్క తప్పకూడదు. భుజం నొప్పి, మోచేతి నొప్పి ఈ పనిని అంటిపెట్టుకుని ఉండటానికి కారణం బరువు కాదు. దారం బరువు లెక్కలోకి రానంత తక్కువ. చాచిన చేతి బరువును భుజమే మోస్తూ, ఒకే కదలికను వేల సార్లు చేయవలసి రావడమే కారణం.

4. స్వయంనిర్మిత యంత్రం - నిలువు అక్షం:

ఆసు యంత్రాన్ని అర్థం చేసుకోవడానికి ముందు యంత్రశాస్త్రంలోని ఒక చిన్న సమస్యను పరిచయం చేసుకోవడం అవసరం. కంప్యూటరు ఇచ్చే అంకెల ఆదేశాల ప్రకారం పనిముట్టును కదిలించి చెక్కనో లోహాన్నో చెక్కే యంత్రాన్ని సి.ఎన్.సి. యంత్రం అంటారు. ఇటువంటి చిన్న యంత్రాలను ఔత్సాహికులు ఇళ్లలోనే తయారుచేసుకుంటున్నారు. ఇందులో పనిముట్టు మూడు దిశలలో కదులుతుంది: కుడి ఎడమలు, ముందు వెనకలు, పైకి కిందికి. ఒక్కొక్క దిశను ఒక అక్షం అంటారు. ఒక్కొక్క అక్షానికి ఒక మోటారు, ఆ మోటారు తిరుగుడును సరళరేఖలో కదలికగా మార్చే ఒక మర ఉంటాయి.

మొదటి రెండు అక్షాల మోటార్లు ఎక్కువగా రాపిడినీ, కదిలే భాగాల జడత్వాన్నీ ఎదుర్కొంటాయి. నిలువు అక్షం సంగతి వేరు. పనిముట్టును తిప్పే స్పిండిల్ బరువంతా ఎల్లప్పుడూ దాని మీదే వేలాడుతుంది. యంత్రం పని చేస్తున్నా, ఆగి ఉన్నా భూమ్యాకర్షణ ఆగదు.

తక్కువ ఖర్చుతో చేసిన యంత్రంలో నిలువు అక్షానికి హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే ఎనిమిది మిల్లీమీటర్ల మరకడ్డీని, దానికి సరిపడే నట్టును వాడతారు. ఈ కడ్డీ ఒక చుట్టు తిరిగితే నట్టు 1.25 మిల్లీమీటర్లు జరుగుతుంది. సాధారణ స్టెప్పర్ మోటారు ఒక చుట్టును 200 అడుగులుగా తిరుగుతుంది కనుక, ఒక్క అడుగుకు కదలిక 0.00625 మిల్లీమీటరు. కాగితం మీద ఇది చాలా సూక్ష్మం. ఆచరణలో మరకూ నట్టుకూ మధ్య వదులు ఉంటుంది. దిశ మారిన ప్రతిసారీ ఆ వదులు తీరేదాకా మోటారు తిరుగుతుంది, పనిముట్టు కదలదు. నిలువు అక్షంలో ఈ లోపం కొంతకాలం దాగి ఉంటుంది. బరువు ఎప్పుడూ కిందికే లాగుతూ నట్టును మరకు ఒకే వైపు ఆనించి ఉంచడం అందుకు కారణం. చెక్కేటప్పుడు పనిముట్టును పైకి నెట్టే బలం బరువును మించిన క్షణంలో లోపం బయటపడుతుంది.

దీనికి పరిష్కారంగా మరకడ్డీని తీసివేసి బాల్ స్క్రూ బిగిస్తారు. ఇందులో మరకూ నట్టుకూ మధ్య చిన్న ఉక్కు గుండ్లు దొర్లుతాయి. సాధారణంగా వాడే రకంలో ఒక చుట్టుకు ఐదు మిల్లీమీటర్ల కదలిక వస్తుంది. వేగం నాలుగు రెట్లవుతుంది, వదులు బాగా తగ్గుతుంది, రాపిడి వల్ల వృథా అయ్యే శక్తి చాలావరకు మిగులుతుంది. అయితే విద్యుత్తు ఆపగానే స్పిండిల్ తన బరువుకు తానే కిందికి జారిపోతుంది. కొత్త మరలో బరువే మరను వెనక్కి తిప్పగలదు. పాత కడ్డీలో ఆ జారుడును ఆపింది రాపిడి. లోపంగా లెక్కించి తొలగించిన రాపిడే ఇంతకాలం బరువును మోసి నిలబెట్టిందని అప్పుడు తెలుస్తుంది. ఇక దాని స్థానంలో బ్రేకు ఉన్న మోటారునో, ఎదురు బరువునో, గ్యాస్ స్ప్రింగునో విడిగా అమర్చాలి.

పాత భాగం పేరుకు ఒక పని చేస్తూ, పేరు లేకుండా మరికొన్ని పనులు చేస్తుంటుంది. దానిని మార్చేవారు ఆ పేరులేని పనులను గుర్తించి, ఒక్కొక్కదానికీ విడిగా ఏర్పాటు చేయాలి. ఈ సూత్రాన్ని ఆసుకు అన్వయించి చూద్దాం.

5. మల్లేశం యంత్రం - మిగిలిపోయిన కదలిక:

చింతకింది మల్లేశం ఆలేరు మండలం శారాజీపేటకు చెందిన నేత కుటుంబంలో జన్మించారు. ఆ గ్రామం నాటి నల్లగొండ జిల్లాలోనిది. 2016 జిల్లాల పునర్వ్యవస్థీకరణ తరువాత యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. ఆయన బడి చదువు మధ్యలోనే ఆగిపోయింది. తల్లి లక్ష్మి ఆసు పోస్తూ పడే బాధను చూసి 1992లో యంత్రం తయారీకి పూనుకున్నారు. యంత్రం పూర్తి రూపం పొందింది 1999లో. ఏడేళ్లు ఎందుకు పట్టింది అన్న ప్రశ్నకు డబ్బు లేకపోవడం, చుట్టుపక్కలవారి అపనమ్మకం వంటి కారణాలను చలనచిత్రం, పత్రికా కథనాలు చెప్పాయి. అవి నిజమైన కారణాలే. వాటితోపాటు సాంకేతిక కారణం కూడా ఉంది.

ఆసు పోసే చేయి మనకు ఒకే కదలిక చేస్తున్నట్లు కనిపిస్తుంది. విడదీసి చూస్తే కనీసం మూడు కదలికలున్నాయి. మొదటిది, ఒంటి మేకుకూ అర్ధవృత్తానికీ మధ్య మీటరు పొడవున సాగే పోకరాకలు. రెండవది, కొసలో మేకును చుట్టిరావడానికి దారాన్ని మేకుపైకి లేపి అవతలివైపు దించే చిన్న కదలిక. మూడవది, నిర్ణీత చుట్లు పూర్తయ్యాక పక్క మేకుకు జరగడం. వీటికి తోడు కదలికలుగా కనిపించని రెండు పనులున్నాయి: దారాన్ని తెగకుండా, వేలాడకుండా సమ బిగువులో ఉంచడం, చుట్లు లెక్కపెట్టడం.

ఈ కదలికల స్వభావాలు వేరువేరు కనుక ఒకే రకమైన చోదకం అన్నింటికీ పనికిరాదు. యంత్రం మీద ఒక చీర ఆసుకు సుమారు గంటన్నర పడుతుంది. అంటే 9,000 కదలికలకు 5,400 సెకండ్లు, ఒక కదలికకు 0.6 సెకండు. మీటరు దూరాన్ని 0.6 సెకండులో దాటాలంటే సగటు వేగం సెకండుకు 1.67 మీటర్లు. పైన చెప్పిన ఐదు మిల్లీమీటర్ల బాల్ స్క్రూతో ఈ వేగం రాబట్టాలంటే అది నిమిషానికి 20,000 చుట్లు తిరగాలి. చిన్న యంత్రంలో అది సాధ్యం కాదు. పొడవైన పోకరాకలకు బెల్టు, గొలుసు వంటి సాధనాలే తగినవి. మేకు మార్చే కదలికకు వేగంతో పని లేదు. కొద్ది దూరం జరిగి, సరైన చోట ఆగడమే దాని పని. మేకును చుట్టే కదలిక ఈ రెండింటినీ కలిపేది. పొడవైన కదలిక కొసకు చేరిన ఆ క్షణంలోనే అది జరగాలి. ఒక్క క్షణం ముందైనా వెనకైనా దారం మేకును తప్పుతుంది.

మల్లేశం యంత్రంలోని చాలా భాగాలు సిద్ధమైన తరువాత కూడా ఒక కదలిక చిక్కలేదు. బతుకుతెరువు కోసం ఆయన హైదరాబాద్ వెళ్లి విద్యుత్ పనులు చేస్తూ యంత్రం గురించిన ఆలోచనను కొనసాగించారు. 1999లో బాలానగర్‌లోని ఒక పరిశ్రమకు మరమ్మతు పని మీద వెళ్లినప్పుడు అక్కడి యంత్రంలో ఒక భాగం కదిలే తీరు ఆయన కంటపడింది. తనకు కావలసింది ఆ కదలికేనని గుర్తించి, దాన్ని తన యంత్రానికి అమర్చుకున్నారు. యంత్రం పని చేసింది. తల్లి పేరున దానికి లక్ష్మీ ఆసు యంత్రమని పేరు పెట్టారు.

బాలానగర్‌లోని ఆ యంత్రానికి చేనేతతో సంబంధం లేదు. అయినా ఆయన దానిలో ఆసును చూడగలిగారు. తల్లి చేతి పనిని అప్పటికే కదలికలుగా విడదీసుకుని, ఏది దొరికింది, ఏది దొరకలేదు అన్న స్పష్టత ఆయనకు ఉండటమే ఇందుకు కారణమని భావించవచ్చు. విడదీయని సమస్యకు పరిష్కారం ఎదురుగా ఉన్నా కనిపించదు. ఈ సంఘటనను అదృష్టంగా చెప్పే కథనాల కంటే ఈ వివరణ సమంజసంగా తోస్తుంది.

6. మెరుగుదల - చెక్క నుంచి మైక్రోకంట్రోలర్‌కు:

తొలి నమూనాలలో చెక్క భాగాలు, యాంత్రిక నియంత్రణ ప్రధానం. తరువాతి నమూనాలలో లోహపు భాగాలు, ఎలక్ట్రానిక్ నియంత్రణ వచ్చాయి. మైక్రోకంట్రోలర్‌ను వాడే విధానాన్ని మల్లేశం పుస్తకాల సాయంతో నేర్చుకున్నారు.

ఈ మార్పును నిలువు అక్షపు ఉదాహరణతో పోల్చవచ్చు. యాంత్రిక నియంత్రణలో ఎన్ని చుట్లకు మేకు మారాలన్నది చక్రాల పళ్లలోనో మీటల అమరికలోనో స్థిరపడి ఉంటుంది. లెక్క మారాలంటే భాగం మార్చాలి. మైక్రోకంట్రోలర్‌లో ఆ లెక్క ఒక అంకె. నూలు రకాన్ని బట్టి, బొమ్మను బట్టి దాన్ని మార్చుకోవచ్చు. తల్లి మనసులో ఉన్న లెక్క మొదట పళ్లచక్రంలోకి, ఆ తరువాత అంకెలోకి మారింది. బిగువు చూసే పని దారం నడిచే దారిలో విడి ఏర్పాటుగా మారుతుంది. దారం తెగితే చేతికి వెంటనే తెలుస్తుంది. యంత్రానికి తెలియాలంటే ఎవరో ఒకరు చూస్తూ ఉండాలి, లేదా ఆ సంగతి తెలిపే పరికరం కావాలి. చేయి చేసిన పేరులేని పనులన్నీ ఈ విధంగా ఒక్కొక్కటిగా బయటికి వచ్చాయి.

క్షేత్రస్థాయి ఆవిష్కరణలను వెలికితీసే పల్లెసృజన సంస్థ, జాతీయ ఆవిష్కరణల ప్రతిష్ఠానం ఈ యంత్రానికి గుర్తింపు రావడంలో తోడ్పడ్డాయి. 2011లో పేటెంటు లభించింది. 2017లో భారత ప్రభుత్వం మల్లేశాన్ని పద్మశ్రీతో గౌరవించింది.

7. పరిధి - పాలమూరుతో పోలిక:

ఆసు యంత్రాన్ని చేనేత సమస్యలన్నింటికీ పరిష్కారంగా చూడటం సరికాదు. దాని పరిధి చిటికి పద్ధతికి, అందులోనూ ఆసు దశకు మాత్రమే చెందుతుంది. పొరుగున ఉన్న ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోని నారాయణపేట, గద్వాల కూడా చేనేతకు ప్రసిద్ధి పొందినవే. గద్వాల చీరలో నూలు ఒంటికి పట్టు అంచు, కొంగు జతచేస్తారు. అక్కడి నైపుణ్యం అంచునూ ఒంటినీ కలిపే నేతలో ఉంది. నారాయణపేట చీర అందం గళ్లలో, అంచులలో ఉంటుంది. ఈ రెండు చోట్లా పేక నూలును కట్టి రంగులద్దే దశ ప్రధానం కాదు కనుక, నల్లగొండ స్త్రీల భుజాన్ని కాపాడిన యంత్రం పాలమూరు నేత ఇంటికి అక్కరకు రాదు. అక్కడి శరీరశ్రమ ఎక్కడ కేంద్రీకృతమై ఉందో, ఆ పనిలోని కదలికలు ఏమిటో విడిగా పరిశీలించాలి.

నల్లగొండలో కూడా చిటికి కట్టడం, రంగులద్దడం, నేయడం చేతిపనులుగానే మిగిలాయి. ఆసు తొందరగా పూర్తయితే మిగిలిన సమయం విశ్రాంతికి పోతుందా, మరింత చిటికి పనికి పోతుందా అన్నది యంత్రం నిర్ణయించదు. అది ఇంటిలోని పని పంపకాన్ని బట్టి, నూలు ఇచ్చే యజమాని కట్టే కూలిని బట్టి ఉంటుంది. చేనేత సాహిత్యాన్ని పరిశీలించే పరిశోధకులు ఈ అంశాన్ని గమనించవలసి ఉంది.

8. వృత్తిపదాల సేకరణకు సూచన:

వృత్తిపదాలు సేకరించేటప్పుడు పనిముట్ల పేర్లు సులభంగా దొరుకుతాయి. వస్తువును చూపించి పేరు అడగవచ్చు. మగ్గం, నాడె, కండె, అచ్చు, రాట్నం అలా నమోదయ్యే పదాలు. చేతి చర్యలను అలా చూపించి అడగడం కష్టం. 'ఆసు పోయడం' అనే ఒక్క క్రియాపదం కింద పైన వివరించిన మూడు కదలికలు, రెండు అదృశ్య పనులు ఒదిగి ఉన్నాయి. పక్క మేకుకు జరగడాన్ని ఏమంటారు? దారం వేలాడినప్పుడు, మరీ బిగిసినప్పుడు ఏ మాటలతో చెప్పుకుంటారు? లెక్క తప్పితే దాన్ని ఎలా గుర్తించి సరిచేస్తారు? చేతితో ఆసు పోసిన తరం స్త్రీలే ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగలరు. యంత్రం వచ్చిన ఇళ్లలో తరువాతి తరానికి ఆ చర్యలతోపాటు ఆ మాటల అవసరమూ తీరిపోతుంది.

అందువల్ల క్షేత్రపర్యటనలో పనిముట్ల పట్టికతోపాటు కదలికల పట్టికను కూడా సిద్ధం చేసుకోవడం మంచిది. పనిని నెమ్మదిగా చేయించి, ఒక్కొక్క కదలిక దగ్గర ఆపి, దానికి ఇంట్లో వాడే మాటను అడిగి రాసుకోవాలి. యంత్రంతో వచ్చిన మోటారు, బేరింగు, బెల్టు వంటి పదాలను నేతకారులు ఏ ఉచ్చారణతో, ఏ అర్థవిస్తృతితో వాడుతున్నారో అదే పట్టికలో పక్కన నమోదు చేయాలి. పాత క్రియ ఏ కొత్త భాగానికి దారి ఇచ్చిందో అప్పుడు ఒకే చోట కనిపిస్తుంది.

9. ముగింపు:

నిలువు అక్షంలోని మరకడ్డీని మార్చినప్పుడు రాపిడి మోసిన బరువు బయటపడింది. ఆసులో చేతిని మార్చినప్పుడు ఆ చేయి మోసిన లెక్క, బిగువు, సమయజ్ఞానం బయటపడ్డాయి. ఆసు యంత్రం గొప్పతనం వేగంలోనే లేదు. ఒకే పనిగా, అందులోనూ తేలిక పనిగా కనిపించిన ఆడవాళ్ల శ్రమలో ఎన్ని పనులున్నాయో విడదీసి చూపడంలోనూ ఉంది. ఆ విడదీసిన పనులలో ఒక్కొక్కదానికీ యంత్రంలో ఏదో ఒక ఏర్పాటు కావలసి వచ్చింది. వాటికి తెలుగు పదకోశాలలో ఇంకా చోటు కల్పించవలసి ఉంది. చేతితో ఆసు పోసిన స్త్రీలు మన మధ్య ఉన్నప్పుడే ఆ పదాలను సేకరించడం నల్లగొండ, పాలమూరు ప్రాంతాల విశ్వవిద్యాలయ, కళాశాల తెలుగు శాఖలు చేపట్టదగిన పరిశోధన.